రెండు జాబితాల్లో ఊళ్ల పేర్లు కలపాలా? ఉన్న కోడ్‌నే మన పేర్లకి సరిపడేలా మార్చుకోండి

మీ దగ్గర రెండు షీట్లున్నాయి అనుకుందాం. ఒకటి 2011 జనాభా లెక్కల గ్రామాల జాబితా. రెండోది ఏదో శాఖ వెబ్‌సైట్ నుంచి దించుకున్న చెరువులదో, రేషన్ షాపులదో, బడులదో జాబితా. రెండింట్లోనూ ఊరి పేరుంది, రెండింటికీ ఉమ్మడిగా ఉండే కోడ్ నంబరు మాత్రం లేదు. ఎక్సెల్‌లో వీ-లుకప్ పెడితే చాలా ఊళ్లు కలవవు. ఒకచోట కొత్తపల్లి, ఇంకోచోట కొత్తపల్లె. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే ఇంకా కష్టం, 'త'కి ఒకరు టీ హెచ్ రాస్తే ఇంకొకరు రెండు టీలు రాస్తారు, చివర్లో ఒకరు ఐ పెడితే ఒకరు వై, మరొకరు ఈ. అదే ఊరు, స్పెల్లింగులు అరడజను.

ఈ పనికి కావాల్సిన కోడ్‌లో చాలా భాగం ఎవరో ఒకరు ఇప్పటికే రాసి ఉచితంగా పెట్టారు. ఒక మాటని ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు తీయాలో, చేర్చాలో, మార్చాలో లెక్కపెట్టే పద్ధతిని లెవెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త 1965లోనే ఇచ్చాడు. రెండు రికార్డులు ఒకే మనిషివా కాదా అని సంభావ్యతతో తేల్చే సిద్ధాంతాన్ని ఫెలెగి, సంటర్ అనే ఇద్దరు 1969లో రాశారు. కాబట్టి అల్గారిథం మీరు రాయకండి. మీరు రాయాల్సింది దానికి ముందూ వెనకా ఉండే భాగం: పేరుని పోలికకి సిద్ధం చెయ్యడం, ఏ పేరుని ఏ పేర్లతోనే పోల్చాలో చెప్పడం, వచ్చిన జవాబుని నమ్మాలో వద్దో తేల్చడం. లైబ్రరీ (అలా రెడీగా దొరికే కోడ్) రాసినవాళ్లకి మన పేర్లూ, మన మండలాలూ తెలీవు, అవి తెలిసినవాళ్లే ఈ మూడూ రాయాలి. ఫలితం బాగా రావడం, రాకపోవడం ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది.

నేను పైథాన్‌ని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను. ఆర్ వాడేవాళ్లకి స్ట్రింగ్‌డిస్ట్, ఫజీజాయిన్ అనే ప్యాకేజీలున్నాయి, దారి మాత్రం ఒకటే.

ముందు కోడ్ నంబర్ కోసం వెతకండి

పేర్లతో కలపడం అనేది వేరే దారి లేనప్పుడు చేసే పని. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ, అందరూ ఎల్‌జీడీ అంటారు, ప్రతి గ్రామానికీ మండలానికీ జిల్లాకీ ఒక కోడ్ ఇస్తుంది. అక్కడ దించుకునే గ్రామాల ఫైల్లో పక్కనే జనాభా లెక్కల కోడ్ కూడా ఉంటుంది. 2011 లెక్కల్లో ఊరి కోడ్ ఆరు అంకెలు. మీ రెండో జాబితాలో ఏ మూల కాలమ్‌లోనో ఎల్‌జీడీ కోడ్ ఉంటే పేర్లతో కుస్తీ పట్టక్కర్లేదు. బడుల జాబితాలైతే 11 అంకెల యూడైస్ కోడ్ ఉందేమో చూడండి. ఆ 11 అంకెల్లో ఊరికి మూడు అంకెలు ఉంటాయి, కానీ అవి జనాభా లెక్కల ఊరి కోడ్ కాదు. ఆ తేడా చూసుకోకుండా కలిపితే ఎర్రర్ ఏమీ రాదు, తప్పు ఊళ్లు నిశ్శబ్దంగా కలిసిపోతాయి.

ఏ కోడ్ తీసుకోవాలి

వెతికేటప్పుడు ఈ రంగంలో వాడే మాటలు తెలిసుండాలి. రికార్డ్ లింకేజ్, ఎంటిటీ రిజల్యూషన్, ఫజీ మ్యాచింగ్, డీడూప్లికేషన్, ఇవన్నీ దాదాపు ఒకే పనికి వేర్వేరు పేర్లు. కోడ్ పంచుకునే సైట్లు గిట్‌హబ్‌లోనూ పైపీఐలోనూ ఇవి ఇంగ్లీషులో కొట్టి, పక్కన ఇండియన్ నేమ్స్ అనో ట్రాన్స్‌లిటరేషన్ అనో చేర్చి చూడండి. అలా వెతికితే మసాలా మెర్జ్ అనే చిన్న ప్రాజెక్టు తగులుతుంది. డెవలప్‌మెంట్ డేటా ల్యాబ్ వాళ్లది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన హిందీ పేర్లు కలపడానికి రాశారు. లెవెన్‌స్టైన్ లెక్కనే తీసుకుని, హిందీ పేర్లలో ఒకదాని బదులు ఇంకోటి వచ్చే అక్షరాలకి తక్కువ జరిమానా వేస్తుంది. మీరు దాన్ని వాడకపోయినా ఒకసారి చదవండి, ఉన్న అల్గారిథంకి ఒక భాష స్వభావాన్ని ఎక్కడ జోడించాలో అందులో బాగా తెలుస్తుంది.

రోజువారీ పనికి నేను సూచించేది ర్యాపిడ్‌ఫజ్ అనే పైథాన్ లైబ్రరీ. రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. పాత ట్యుటోరియల్స్‌లో ఫజీవజీ అనే పేరు కనిపిస్తుంది, తర్వాత దాని పేరు దఫజ్ అయింది. ఫజీవజీ జీపీఎల్ లైసెన్స్ కింద ఉండేది, ర్యాపిడ్‌ఫజ్ షరతులు తక్కువుండే ఎంఐటీ లైసెన్స్‌తో వచ్చింది, పైగా చాలా వేగం. ఫంక్షన్ పేర్లు చాలావరకు అవే కాబట్టి పాత కోడ్ సులువుగానే మారుతుంది. కానీ మూడో వెర్షన్ నుంచి ఒక తేడా ఉంది, పోల్చే ముందు పేరుని తనంతట తాను శుభ్రం చెయ్యదు. పెద్ద అక్షరాలు చిన్నవి చేసే పని కూడా మీరే చెయ్యాలి. పాత కోడ్‌ని అలాగే అంటించినవాళ్లకి మార్కులు ఒక్కసారిగా పడిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

మీ దగ్గర ఊరి పేరు మాత్రమే కాకుండా మనిషి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఇలా నాలుగైదు కాలమ్స్ ఉండి, రికార్డులు లక్షల్లో ఉంటే స్ప్లింక్ చూడండి. బ్రిటన్ న్యాయ మంత్రిత్వ శాఖ వాళ్లు తయారుచేశారు, ఫెలెగి-సంటర్ సిద్ధాంతం మీద నడుస్తుంది. ఊళ్ల పేర్లకి మాత్రం అంత సరంజామా అక్కర్లేదు. అసలు కోడ్ రాయడమే రానివాళ్లకి ఓపెన్‌రిఫైన్ ఉంది. అందులో క్లస్టర్ అనే బటన్ వెనక ఫింగర్‌ప్రింట్ అనే పద్ధతి ఉంది: గుర్తులన్నీ తీసేసి, అన్నీ చిన్న అక్షరాలు చేసి, మాటలుగా విడగొట్టి, అక్షర క్రమంలో పేర్చి, రెండుసార్లు వచ్చినవి ఒకటి చేసి మళ్లీ కలుపుతుంది. ఇంటిపేరు ముందా వెనకా అనే గొడవ ఉన్న మన మనుషుల పేర్లకి ఇది చాలా బాగా పనిచేస్తుంది. పైథాన్‌లో నాలుగైదు లైన్లలో మీరే రాసుకోవచ్చు.

సౌండెక్స్ వాడమని చాలామంది చెప్తారు. ఊళ్ల పేర్లకి వద్దు. రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంట్ తీసుకున్న పద్ధతి అది, అమెరికాలో ఇంటిపేర్ల కోసం పుట్టింది. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి మిగతా హల్లుల్ని మూడు అంకెలుగా కుదిస్తుంది. ఇంగ్లీషులో రాస్తే కొత్తపేట, కోటపాడు రెండింటికీ ఒకటే కోడ్ వస్తుంది, కే 313. అదే వైరాని డబ్ల్యూతో రాస్తే ఒక కోడ్, వీతో రాస్తే ఇంకో కోడ్. కలవకూడనివి కలుస్తాయి, కలవాల్సినవి విడిపోతాయి.

ఏదైనా ప్రాజెక్టు తీసుకునే ముందు లైసెన్స్ ఫైల్ ఉందో లేదో చూడండి. లైసెన్స్ లేని కోడ్ అంటే ఎవరైనా వాడుకోవచ్చని కాదు, అనుమతి ఇవ్వలేదని అర్థం. స్టాక్ ఓవర్‌ఫ్లో జవాబుల్లోని కోడ్‌కి కూడా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉంటుంది, ఎక్కడి నుంచి తెచ్చారో రాయాలి. ఆ తర్వాత రీడ్‌మీ కంటే ముందు టెస్ట్స్ ఫోల్డర్ తెరవండి. రాసినవాళ్లు ఏ రకం పేర్లతో సరిచూసుకున్నారో అక్కడే తెలుస్తుంది. అన్నీ జాన్, స్మిత్ రకమే అయితే మన పేర్లతో ఆ కోడ్‌ని ఎవరూ పరీక్షించలేదన్నమాట, ఆ పని మీరే చెయ్యాలి.

మీ సొంత పరీక్షలు, కోడ్ ముట్టుకోకముందే

ఇది దాటేసేవాళ్లు ఎక్కువ, కానీ మిగతా పనంతా దీని మీదే నిలబడుతుంది. మీ జాబితాల్లోంచే ఓ యాభై జతలు చేత్తో రాసుకోండి. సగం నిజంగా ఒకే ఊరైనవి, సగం దగ్గరగా కనిపించినా వేర్వేరు ఊళ్లు. రెండో రకమే ముఖ్యం: పెద, చిన తేడా ఉన్నవి, ఖుర్ద్, కలాన్ (చిన్న, పెద్ద అనే అర్థం) తేడా ఉన్నవి, కొత్తపల్లి-కోటపల్లి లాంటివి, రాంపూర్-రామాపురం లాంటివి. ఇంకొకరి కోడ్‌లో మీరు ఏ లైన్ మార్చినా ఈ యాభై జతల మీద మళ్లీ నడిపి చూడండి. చాట్‌జీపీటీ లాంటివాటితో కోడ్ మార్పించుకున్నా ఇదే పద్ధతి. అది ఇచ్చే కోడ్ చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, తప్పు ఎక్కడుందో ఈ జతలే పట్టిస్తాయి. మనుషుల పేర్లూ ఆధార్ నంబర్లూ ఉన్న అసలు ఫైల్ మాత్రం అక్కడ అంటించకండి, కాలమ్ పేర్లు, రెండు మూడు కల్పిత వరుసలు ఇస్తే దానికి చాలు.

ఫైల్ చదవడం దగ్గరే చాలా పోతుంది

పట్టికల కోసం వాడే పైథాన్ లైబ్రరీ పాండాస్‌తో చదివేటప్పుడు ప్రతి కాలమ్‌నీ స్ట్రింగ్‌గానే చదవమని చెప్పండి. లేకపోతే కోడ్‌ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్సెల్ అయితే 15 అంకెల తర్వాత ఉన్నవాటిని సున్నాలు చేసేస్తుంది, పొడవాటి ఖాతా నంబర్లు అలాగే పోతాయి, ఒకసారి అలా సేవ్ అయ్యాక ఏ కోడ్ కూడా వాటిని వెనక్కి తేలేదు. ఎన్ఏ అని రాసి ఉన్న గడిని పాండాస్ ఖాళీ అనుకుంటుంది, అది వద్దంటే ఆ ఆప్షన్ ఆపాలి. ఎక్సెల్ నుంచి వచ్చిన యూటీఎఫ్-8 సీఎస్‌వీల మొదట్లో కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, దానివల్ల మొదటి కాలమ్ పేరు మీరు టైప్ చేసిన పేరుతో కలవదు. ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 సిగ్ అని ఇస్తే అది పోతుంది.

పీడీఎఫ్ అయితే పీడీఎఫ్‌ప్లంబర్, కామెలాట్ లాంటివి పట్టికల్ని లాగుతాయి. కానీ అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు పీడీఎఫ్ అయితే అందులో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా బొమ్మగా తీసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) చెయ్యాలి. ఏది చేసినా కొన్ని వరుసలు చేత్తో సరిచూసుకోకుండా ముందుకెళ్లకండి.

ఊరి పేరు విడి కాలమ్‌లో లేకుండా చిరునామా మొత్తం ఒకే గడిలో ఉంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే వెతకాల్సిన అక్షరాల ప్యాటర్న్ రాయడం, తప్పదు. తెలుగులో గ్రామం, గ్రా, గ్రా॥ అనీ, మండలం, మం, మం॥ అనీ, ఇంగ్లీషులో బ్రాకెట్‌లో వీ, ఎమ్ అనీ రకరకాలుగా రాస్తారు. వెయ్యి వరుసలు కళ్లతో తిరగేసి ఈ రూపాలన్నీ పట్టిక రాసుకున్నాకే ప్యాటర్న్ మొదలుపెట్టండి. పిన్‌కోడ్ పట్టుకోవడం తేలికే, ఆరు అంకెలు, ఆంధ్ర, తెలంగాణల్లో 50 నుంచి 53 మధ్య మొదలవుతుంది. మూడంకెల తర్వాత ఖాళీ ఇచ్చి రాసేవాళ్లున్నారు, దానికి వీలు ఉంచండి. ముందూ వెనకా వేరే అంకె ఉండకూడదు అని కూడా చెప్పాలి, లేకపోతే పది అంకెల ఫోన్ నంబర్ మధ్యలోంచి ఆరు అంకెలు తెంపుకొస్తుంది. పైథాన్‌లో అంకెల గుర్తు, బ్యాక్‌స్లాష్ డి, తెలుగు అంకెల్ని కూడా పట్టుకుంటుంది, ౫౦౦ అని ఉంటే పూర్ణాంకంగా మారిస్తే 500 వస్తుంది, ఇది మనకి పనికొచ్చే సంగతే.

తెలుగు లిపిలో ఉన్న పేర్లు

ఇక్కడ కొంచెం ఆగి చదవండి, ఇంగ్లీషు కోసం రాసిన కోడ్ ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే.

లక్ష్మి అనే మాట మన కంటికి రెండక్షరాలు. పైథాన్ పొడవు అడిగితే ఏడు అంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూనికోడ్‌లో గుణింతాలూ పొల్లూ విడి గుర్తులు. ప్యాటర్న్‌లు వెతకడానికి పైథాన్‌తో పాటు వచ్చే ఆర్‌ఈ మాడ్యూల్ ఈ గుర్తుల్ని మాటలో భాగంగా లెక్కపెట్టదు. అందుకే మాటల్ని ఏరమని బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్యాటర్న్ ఇస్తే రాము అనే పేరు ర, మ అని రెండు ముక్కలై వస్తుంది. పాత ఫజీవజీలో పేరుని శుభ్రం చేసే ఫంక్షన్ ఈ ప్యాటర్న్‌తోనే, మాటలో భాగం కానివన్నీ తీసేసి ఖాళీలు పెడుతుంది. దాంతో గుణింతాలన్నీ పోయి, రాము, రామ, రామి అన్నీ ఒకటే అయిపోతాయి, మార్కులు నూటికి నూరు వస్తాయి. నూరు చూసి సంతోషపడేలోపు నాలుగు పేర్లు ప్రింట్ చేసి చూడండి. దీనికి మందు రెజెక్స్ అనే వేరే ప్యాకేజీ, అది గుణింతాల్ని మాటలో భాగంగానే చూస్తుంది. లేదంటే ఏం తీసెయ్యాలో మీరే పేరుపేరునా చెప్పండి, చుక్క, కామా, బ్రాకెట్లు, అడ్డగీత, అంతే. తెలుగుకి ఈ రెండో దారే నాకు నచ్చుతుంది, ఏం పోతోందో కళ్లముందు ఉంటుంది.

తర్వాత కనిపించని గుర్తులు. షాద్‌నగర్ అని రాసేటప్పుడు ద్ తర్వాత న వత్తుగా మారకుండా ఉండేందుకు కీబోర్డు మధ్యలో ఒక సున్నా వెడల్పు గుర్తు పెడుతుంది, దాన్ని జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు, యూనికోడ్‌లో 200సీ. ఒకరు అది పెట్టి రాస్తారు, ఒకరు ఖాళీ ఇచ్చి షాద్ నగర్ అంటారు, ఒకరు షాద్నగర్ అని వదిలేస్తారు. నిజామాబాద్ లాంటి పేర్ల చివర కూడా ఆ గుర్తు మిగిలిపోతుంటుంది, రెండు గడులూ కంటికి ఒకేలా ఉంటాయి, కంప్యూటర్ మాత్రం వేరంటుంది. పోల్చడానికి వాడే కాపీలో 200సీ, అలాంటిదే అయిన 200డీ రెండూ తీసెయ్యండి, ఖాళీలు కూడా తీసేసిన రూపం ఒకటి పెట్టుకోండి, చూపించడానికి మాత్రం అసలు పేరు అలాగే ఉంచండి.

యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్ఎఫ్‌సీలోకి, అంటే ఒకే అక్షరానికి ఒకే రూపం ఉండేలా, మార్చడం ఒక లైన్ పని, అది కూడా చెయ్యండి. తెలుగులో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి కూడా రాయొచ్చు. ఎన్ఎఫ్‌సీ రెండింటినీ ఒకటి చేస్తుంది. మిగిలినవి మన అలవాట్లకి సంబంధించినవి: చివర సున్నా, ము, మ్ లు, శ, ష లు, పల్లి, పల్లె లు. వీటికి చిన్న మార్పుల పట్టిక మీరే రాసుకోవాలి.

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేర్లు

ఒక జాబితా తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో ఉంటే ముందు రెండూ ఒకే లిపిలోకి తేవాలి. ఇంగ్లీషు నుంచి తెలుగుకి తేవడానికి ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్‌ఎక్స్‌లిట్ ఉంది, తెలుగు నుంచి ఇంగ్లీషుకి మార్చడానికి ఇండిక్ ఎన్ఎల్‌పీ లైబ్రరీ, అక్షరముఖ లాంటివి ఉన్నాయి. నేనైతే తెలుగుని ఇంగ్లీషులోకే మారుస్తాను. తెలుగు నుంచి అటు వెళ్లడం నియమం ప్రకారం జరిగే పని, ఎప్పుడు చేసినా ఒకే జవాబు. ఇంగ్లీషు నుంచి ఇటు రావడంలో త, ట, ద, డ అన్నీ ఊహించాల్సిందే.

తర్వాత పేరు నుంచి ఒక తాళంచెవి రూపం, కీ అంటారు, తయారుచెయ్యాలి. ఒత్తక్షరాల్లోని హెచ్ తీసెయ్యడం, కానీ సీ హెచ్‌ని ముట్టుకోకూడదు. రెండు ఓలు యూ చెయ్యడం, రెండు ఈలు ఐ చెయ్యడం, డబ్ల్యూని వీ చెయ్యడం, జంట అక్షరాల్ని ఒకటి చెయ్యడం, చివరి వై, ఈ లని ఐ చెయ్యడం. వీటి వరస చాలా ముఖ్యం. కే ఎస్ హెచ్‌ని ఎక్స్ చేసే నియమం ఎస్ హెచ్‌ని ఎస్ చేసే నియమం కంటే ముందు రావాలి, తర్వాత వస్తే లక్ష్మీపురం రెండు స్పెల్లింగులూ ఎప్పటికీ కలవవు. పొడవు ఎక్కువున్న నియమాలు ముందు, పొట్టివి తర్వాత, ఈ ఒక్క సూత్రంతో వరస తప్పులు చాలావరకు రావు.

పూర్‌ని పురంగా మార్చే నియమం పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. రాంపూర్, రామాపురం ఒకే మండలంలో రెండు వేర్వేరు ఊళ్లు అయ్యుండొచ్చు. పైన చెప్పిన నియమాలతోనే కొత్తపల్లి, కోటపల్లి ఒకే కీలోకి వచ్చేస్తాయి. అందుకే కీ కలిసిందంటే ఒకే ఊరని కాదు, వీటిని పోల్చి చూడాలి అని మాత్రమే. కీ కలిసినవాళ్లలో అసలు స్పెల్లింగ్ ఎవరిది దగ్గరగా ఉందో రెండో దశలో చూడాలి.

అక్షరాల జతలవారీగా జరిమానా మార్చుకోవాలంటే ర్యాపిడ్‌ఫజ్ కుదరదు. అది చేర్చడం, తీసెయ్యడం, మార్చడం అనే మూడు పనులకి మాత్రమే వేర్వేరు బరువులు తీసుకుంటుంది. అప్పుడు మసాలా మెర్జ్ దారిలో వెళ్లాలి. కీ పద్ధతి దానికంటే మొరటుదే, కానీ ఏ నియమం వల్ల ఏ తప్పు వచ్చిందో వెంటనే తెలుస్తుంది, సరిదిద్దడం తేలిక.

మండలం హద్దు దాటనివ్వొద్దు

పదివేల పేర్లున్న రెండు జాబితాల్ని అందరినీ అందరితో పోలిస్తే పది కోట్ల పోలికలు. అదే 600 మండలాలుగా సమానంగా విడగొట్టి లోపల్లోపలే పోలిస్తే లక్షా అరవై ఏడు వేలు. వేగం ఒక లాభమే, కానీ అసలు లాభం వేరే ఉంది. రామాపురాలు, కొత్తపల్లులు రాష్ట్రమంతా ఉన్నాయి, మండలం హద్దు లేకపోతే స్పెల్లింగ్ సరిగ్గా కలిసిన వేరే జిల్లా రామాపురం గెలుస్తుంది, ఒక అక్షరం తేడా ఉన్న అసలు ఊరు ఓడిపోతుంది.

చిక్కల్లా హద్దులు మారడంలో ఉంది. 2011లో ఉమ్మడి రాష్ట్రం, 23 జిల్లాలు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, కొత్త మండలాలు కూడా పుట్టాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011 జాబితాలో కరీంనగర్ జిల్లాలో ఉన్న హుస్నాబాద్ కొత్త జాబితాల్లో సిద్దిపేటలో ఉంటుంది, అనంతపురంలో ఉన్న హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంటుంది. చింతూరు, కూనవరం, కుకునూరు, వేలేరుపాడు అయితే 2011లో ఖమ్మం జిల్లావి, పోలవరం ముంపు వల్ల 2014లో ఆంధ్రలోకి వెళ్లాయి, జిల్లాతో పాటు రాష్ట్రం కూడా మారింది. జిల్లా పేరు ఒకటే ఉండాలి అని కోడ్‌లో రాస్తే ఇవన్నీ జాబితా నుంచి మాయమవుతాయి.

అందుకని రెండు కాలమ్స్ పట్టిక ఒకటి తయారుచెయ్యండి, ఇప్పటి మండలం ఒకవైపు, 2011లో ఆ ఊళ్లున్న మండలం ఇంకోవైపు. ఒక కొత్త మండలం రెండు మూడు పాత మండలాల ఊళ్లతో ఏర్పడొచ్చు, అప్పుడు దానికి రెండు మూడు వరుసలు. పోల్చేటప్పుడు ఆ పాత మండలాలన్నిటి ఊళ్లూ అభ్యర్థులుగా తీసుకోండి. ఈ పట్టిక తయారుచెయ్యడం విసుగు పుట్టించే పని, నిజమే, కానీ ఒకసారి చేస్తే మీకూ మీ తర్వాతివాళ్లకీ ప్రతి డేటాసెట్‌కీ పనికొస్తుంది. వీలైతే అందరికీ అందుబాటులో పెట్టండి.

మార్కులు ఎలా వెయ్యాలి

ర్యాపిడ్‌ఫజ్‌లో చాలా ఫంక్షన్లున్నాయి, ఉదాహరణల్లో ఎక్కువ మార్కులు ఇచ్చేదాన్నే మనం ఎంచుకుంటాం. టోకెన్ సెట్ రేషియో అలాంటిదే. ఒక పేరులోని మాటలన్నీ రెండో పేరులో ఉంటే చాలు, నూటికి నూరు ఇస్తుంది. చిన్న కొండూరుని కొండూరుతో పోలిస్తే నూరు. పార్షియల్ రేషియో కూడా అంతే. కంపెనీ పేర్లకి ఇవి బాగుంటాయేమో, ఊళ్లకి మాత్రం ప్రమాదం. జారో-వింక్లర్ అనే ఇంకో లెక్క పేరు మొదటి నాలుగు అక్షరాలు కలిస్తే మార్కులు పెంచుతుంది, మనుషుల పేర్లకి మంచిదే, కానీ కొత్త, పెద్ద, రామ అని మొదలయ్యే ఊళ్లు ఒకే మండలంలో చాలా ఉంటాయి కదా. ఊళ్లకి మామూలు రేషియో, మాటల వరస మారే చోట టోకెన్ సార్ట్ రేషియో, ఇవి రెండూ చాలు.

దీనికి తోడు ఒక కఠిన నియమం పెట్టండి. పెద, చిన, ఖుర్ద్, కలాన్, బుజుర్గ్, తూర్పు, పడమర, ఇంకా అంకెలు, ఇవి రెండువైపులా ఒకటే ఉండాలి. ఒకవైపు చిన, ఇంకోవైపు పెద అని ఉంటే మార్కులు ఎన్నొచ్చినా తిరస్కరించాలి. ఒకవైపు ఉండి ఇంకోవైపు ఏమీ లేకపోతే మనిషి చూడాల్సిన జాబితాలోకి పంపాలి. ఖుర్ద్‌ని కే హెచ్ అనీ, బుజుర్గ్‌ని బీ కే అనీ పొట్టిగా రాస్తారు, కీ తయారుచేసే ముందే వాటిని విప్పండి, తర్వాతైతే హెచ్ తీసేసే నియమం వాటిని తినేస్తుంది.

ప్రతి ఊరికీ ఎక్కువ మార్కులొచ్చినదాన్ని తీసుకుంటూ పోతే ఒకే 2011 ఊరికి మూడు కొత్త ఊళ్లు అతుక్కోవచ్చు. గ్రామాల జాబితాకీ గ్రామాల జాబితాకీ మధ్య ఒకదానికి ఒకటే కావాలంటే, మండలం లోపల ర్యాపిడ్‌ఫజ్‌లోని సీడిస్ట్ అనే ఫంక్షన్‌తో మార్కుల పట్టిక తీసి, దాన్ని సైపై అనే లెక్కల లైబ్రరీలోని లీనియర్ సమ్ అసైన్‌మెంట్‌కి ఇవ్వండి, గరిష్ఠం కావాలి అని చెప్పండి. మొత్తం మార్కులు ఎక్కువ వచ్చేలా జతలు కుదురుస్తుంది. కానీ అది మిగిలిపోయినవాటిని కూడా బలవంతంగా జత చేస్తుంది, కాబట్టి తక్కువ మార్కులున్న జతల్ని తర్వాత తీసెయ్యాలి. చెరువుల్లాంటి జాబితాకి ఇది వాడకూడదు, ఒక ఊరికి నాలుగు చెరువులుంటాయి.

ఎన్ని మార్కులు వస్తే సరే అనాలి? ఆ అంకె ఎవరి ట్యుటోరియల్ నుంచీ తీసుకోకండి. మీ యాభై జతల మీద నడిపి చూస్తే తప్పు జతలు ఎక్కడివరకు వస్తున్నాయో కనిపిస్తుంది, దాని పైన గీత గీయండి. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య తేడా కూడా చూడండి. 88 వచ్చి రెండోది 60 దగ్గర ఉంటే పర్వాలేదు. 94 వచ్చి రెండోది 93 ఉంటే మనిషి చూడాల్సిందే. జనాభా, విస్తీర్ణం, పిన్‌కోడ్ లాంటి కాలమ్ రెండు జాబితాల్లోనూ ఉంటే పేర్లు కలిపాక దానితో సరిచూడండి.

చేత్తో తేల్చినవాటిని విడి ఫైల్లో పెట్టండి

ఎంత మంచి కోడ్ పెట్టినా కొన్ని ఊళ్లు మిగులుతాయి. వాటిని అవుట్‌పుట్ ఫైల్లోనే సరిదిద్దితే, రేపు ఒక నియమం మార్చి మళ్లీ నడిపినప్పుడు ఆ కష్టమంతా పోతుంది. నిర్ణయాలు అనే పేరుతో ఇంకో సీఎస్‌వీ పెట్టండి. మొదటి జాబితా వరుస గుర్తు, రెండో జాబితా వరుస గుర్తు, ఒకటే, కాదు, తెలీదు అనే మూడింట్లో ఒకటి, ఎందుకు అలా తేల్చారో ఒక చిన్న మాట. కోడ్ నడిచినప్పుడల్లా ముందు ఈ ఫైల్ చదివి, అందులో ఉన్నవాటిని తేలిపోయినట్టే తీసుకుని, మిగిలినవాటినే పోల్చాలి. కాదు అని రాసినవి కూడా అంతే ముఖ్యం, లేకపోతే అదే తప్పు జత ప్రతిసారీ మీ ముందుకొస్తుంది. తెలీనివాటికి ఆ మండలం వాళ్లని ఎవరినైనా ఫోన్ చేసి అడిగితే నిమిషంలో చెప్తారు, ఆ ఊరు ఫలానా పంచాయతీలో కలిసిందనో, ముంపులో పోయిందనో, ఏ అల్గారిథంకీ దొరకని సంగతులు అవి.

చివరి ఫైల్లో అసలు పేర్లు రెండూ, శుభ్రం చేసిన రూపాలు రెండూ, మార్కులు, ఏ దశలో కలిసిందో, కీతోనా, మార్కులతోనా, చేత్తోనా, అన్నీ కాలమ్స్‌గా ఉంచండి. కలవని ఊళ్లని తీసెయ్యకుండా ఖాళీ గడితో అలాగే వదలండి. మీ ఫైల్ వాడబోయే వాళ్లకి ఏ వరుసని ఎంతవరకు నమ్మొచ్చో అప్పుడే తెలుస్తుంది, కలవని ఊళ్లన్నీ ఒకే మండలంవి అయితే ఆ మండలం పట్టికలోనే ఏదో తప్పుందని మీకూ తెలుస్తుంది.